అక్కడ పోయిన బిడియం ఇక్కడ మళ్లీ ఎందుకొచ్చింది?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు పొడవైన ఉత్తరం రాశారు. పేరు, కాలేజీ, వీధి బయటపెట్టొద్దని కోరారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆమెకు 37 ఏళ్లు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారు. పద్నాలుగో ఏట మెడ మీద మొదలైన తెల్లమచ్చలు ఇప్పుడు చేతులు, పొట్ట, తొడల మీద కూడా ఉన్నాయి. సంబంధాలు చూసే రోజుల్లో ఈ సంగతి అవతలివాళ్లకు ముందే చెప్పాలా, కుదిరాక చెప్పాలా అని వాళ్లమ్మ రాత్రిళ్లు ఏడ్చేదట. మే నెల ఎండలోనూ మణికట్టు దాకా చేతుల జాకెట్టు, మెడ మూసే కాలరు. పెళ్లయిన 12 ఏళ్లలో లైటు వెలుగుతుండగా భర్త ముందు చీర మార్చుకోలేదని రాశారు.

భర్త ఉద్యోగం వల్ల రెండున్నరేళ్లు జర్మనీలోని మ్యూనిక్‌లో ఉన్నారు. అక్కడ పక్కింటావిడ ఒక సాయంత్రం ఆడవాళ్లకు మాత్రమే కేటాయించిన సౌనాకు (బట్టలు లేకుండా వేడి గదిలో కూర్చుని చెమట పట్టించుకునే చోటుకు) తీసుకెళ్లింది. "తువ్వాలు చుట్టుకుని తలుపు పక్కనే ముడుచుకుని కూర్చున్నా. ఒక రొమ్ము తీసేసిన పెద్దావిడ వచ్చి, కాస్త జరగమని సైగ చేసి, నా పక్కన తన తువ్వాలు పరుచుకుని కళ్లు మూసుకుంది. ఆమె ఆపరేషన్ గాటు వైపు నేను చూశా గానీ, ఆమె నా మచ్చల వైపు చూడనే లేదు. కాసేపటికి ఆ తువ్వాలు నాకే అడ్డమనిపించింది" అని రాశారు. తర్వాత చాలాసార్లు వెళ్లారు. ఊరి నడిబొడ్డున ఉన్న ఇంగ్లిష్ గార్టెన్ పార్కులో, బట్టలు లేకుండా ఎండలో పడుకోవడానికి అనుమతి ఉన్న పచ్చికలో, భర్తతో కలిసి ఒకసారి గడిపారు. ఆయన మాత్రం నిక్కరుతోనే, అటు తిరిగి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారట.

తిరుపతికి వచ్చి ఏడాది దాటింది. అత్తమామలతో ఉంటున్నారు. సెలవురోజు మధ్యాహ్నం మేడమీది గదికి గడియ వేసుకుని, ఒక గంట బట్టలు లేకుండా పుస్తకం చదువుకుంటారు, ఉతికినవి మడత పెట్టుకుంటారు. ఒకరోజు గడియ సరిగా పడక అత్తగారు లోపలికి వచ్చేశారు. "ఏమ్మే, ఇంటికోడలు ఇట్టా ఉంటే ఇంట్లో లచ్చిమి నిలుస్తాదా?" అన్నారు. భర్తేమో "ఆడిది ఆడనే వదిలెయ్, ఇది తిరుపతి" అని మాట తెంచేశారు. ఇప్పుడు మెట్ల మీద చప్పుడైతే చాలు, గుండె దడదడలాడుతుందట. పదేళ్ల కూతురు "ఎండాకాలం కూడా ఫుల్ హ్యాండ్సేనా అమ్మా? నాక్కూడా మచ్చలు వస్తాయా?" అని అడిగింది. ఈలోగా ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు కనిపించింది. దక్షిణాది నేచురిస్టు కుటుంబాలమని, అంటే బట్టలు లేకుండా కలిసి గడపడాన్ని ఒక జీవన పద్ధతిగా పాటించేవాళ్లమని చెప్పుకున్నారు. సభ్యత్వానికి ఐదు వేల రూపాయలు, ముఖం కనిపించేలా బట్టల్లేని ఫొటో అడిగారు. ఇంకా పంపలేదు.

"నాకేమైనా జబ్బా? నేను చేసేది తప్పా? ఆయనకు ఎలా చెప్పాలి? ఆ గ్రూపులో చేరనా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, దాన్ని రేపటికి వాయిదా వేయలేం. ఆ ఫొటో పంపకండి. డబ్బూ కట్టకండి. నేచురిజాన్ని నిజంగా పాటించే చోట్ల మొట్టమొదటి నియమం, కెమెరా బయటికి తియ్యకూడదని. మీరు వెళ్లిన సౌనాలో ఫోన్ ఎక్కడ పెట్టించారో గుర్తు చేసుకోండి. గుమ్మంలోనే ముఖంతో సహా నగ్నఫొటో అడిగేవాళ్లకు మీ మనశ్శాంతితో పనిలేదు. ఫొటో చేతికి చిక్కాక వచ్చే మెసేజి డబ్బు కోసం, ఆ తర్వాతది ఇంకో ఫొటో కోసం. మీరు ఏ కాలేజీలో పనిచేస్తున్నారో కనుక్కోవడం వాళ్లకు ఎంతసేపు? ఇప్పటిదాకా జరిగిన మాటలకు స్క్రీన్‌షాట్లు తీసి దాచుకుని, ఆ నంబర్లు బ్లాక్ చేసి బయటికి రండి. డబ్బుల కోసం బెదిరింపులు మొదలైతే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. భర్తకు తెలిస్తే ఏమవుతుందోనన్న భయంతోనే చాలామంది అడిగినంతా ఇచ్చుకుంటూ పోతారు. అనుమతి లేకుండా ఒకరి మర్మావయవాల చిత్రం తీసినా, పంచినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. నేరం వాళ్లది, మీది కాదు.

ఇక జబ్బు సంగతి. లేదమ్మా, గదిలో ఒంటరిగా బట్టలు లేకుండా ఉండడం జబ్బు కాదు. మానసిక వైద్యులు జబ్బు అనేది వేరే ఉంది: ఊహించని, ఇష్టంలేని మనిషి ముందు ఒళ్లు చూపించి, దాంతో లైంగిక తృప్తి పొందడం. మీరు గడియ వేసుకుని బట్టలు మడత పెట్టుకుంటున్నారు. రెండింటికీ పొంతనే లేదు.

మ్యూనిక్‌లో మీకు జరిగింది ఏమిటో కాస్త నిదానంగా చూద్దాం. మీ మిగతా ప్రశ్నలకు జవాబు అక్కడే ఉంది. నేచురిస్టుల అంతర్జాతీయ సమాఖ్య 1953లో ఫ్రాన్స్‌లోని మోంటాలివేలో పుట్టింది. 1974లో వాళ్లు తమ పద్ధతికి ఇచ్చుకున్న నిర్వచనంలో నలుగురితో కలిసి నగ్నంగా ఉండడం ఒక అంశం. తన మీద, ఎదుటివాళ్ల మీద, ప్రకృతి మీద గౌరవం పెంచుకోవడం దాని ఉద్దేశం. ఇందులో 'నలుగురితో కలిసి' అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోండి. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ యూనివర్సిటీ సైకాలజిస్టు కియాన్ వెస్ట్ దీని మీద పరిశోధనలు చేశారు. 2017లో వచ్చిన పత్రంలో 849 మంది బ్రిటన్ వాసులను పరిశీలిస్తే, ఇలాంటి కార్యక్రమాల్లో ఎక్కువగా పాల్గొన్నవాళ్లకు జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించింది. తమ ఒంటి మీద సదభిప్రాయం, ఆత్మగౌరవం పెరగడం అందుకు దారి అని తేలింది. తర్వాత 51 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టును బట్టలతో, ఇంకో జట్టును బట్టలు లేకుండా ఇతరులతో గడపమన్నారు. బట్టలు లేని జట్టువాళ్లకు తమ ఒంటి మీద మెచ్చుకోలు పెరిగింది. ఇతరులు తన ఆకారాన్ని చూసి ఏమనుకుంటారోనన్న బెంగ తగ్గడమే దానికి కారణమైంది. అయితే వాళ్లంతా తమంతట తాము ముందుకొచ్చినవాళ్లు, అందుకు వీలున్న దేశంలో ఉన్నవాళ్లు. ఒంటరిగా గదిలో కూర్చుంటే ఏమవుతుందో ఆ పరిశోధనలు చెప్పవు.

ఇది అర్థం కావడానికి మన ఊరివాళ్లు లండన్ దాకా పోనక్కర్లేదు. కొండ మీద కల్యాణకట్ట ఉంది. ఆడదానికి జుట్టే అందమని మనవాళ్లు ఎంతగా నూరిపోస్తారో మీకు తెలుసు. ఆ జుట్టు మొత్తం ఇచ్చేసి, గుండుకు గంధం రాసుకున్న ఆడవాళ్లు బస్టాండులో, గోవిందరాజస్వామి గుడి ముందు, లీలామహల్ సర్కిల్ దగ్గర ఎంతమంది తిరుగుతుంటారు! ఇరవై ఏళ్ల అమ్మాయీ అరవై ఏళ్ల అవ్వా పక్కపక్కనే నిలబడి చెరుకురసం తాగుతుంటారు. ఎవరైనా మెడ తిప్పి చూస్తారా? అలాంటి అమ్మాయికే మందుల వల్ల జుట్టు రాలిపోయిందనుకోండి, అద్దం ముందుకు రావడానికి కూడా జంకుతుంది. తలలో తేడా ఏమీ లేదు. చుట్టూ ఉన్న చూపులో ఉంది తేడా. తిరుపతి చూపు గుండును లెక్కపెట్టదు, అందుకే గుండు చేయించుకున్నావిడ తల దించుకోదు.

ఆ సౌనాలో పెద్దావిడ మీకు ఇచ్చింది అలాంటి చూపే. ఆమె మిమ్మల్ని ఓదార్చలేదు, ధైర్యం చెప్పలేదు, జరగమంది అంతే. పద్నాలుగో ఏట నుంచి మిమ్మల్ని చూసిన ప్రతివాళ్లూ ముందు మచ్చను చూసి తర్వాత మిమ్మల్ని చూశారు. ఆరోజు ఒక మనిషి మీ పక్కన చోటును మాత్రమే చూసింది. మీకు మేలు చేసింది ఇదేనని నా నమ్మకం. బట్టలు తీసేయడం దానికి దారి ఇచ్చింది, కానీ దారి అదొక్కటే కాదు.

ఇప్పుడు మేడమీది గదికి వద్దాం. ఆ గంటలో తప్పేమీ లేదు. మీ గదిలో, తలుపు వేసుకుని, మీ ఒంటితో మీరు ఉండడం మీ హక్కు. కానీ అక్కడ మిమ్మల్ని చూసే మంచి చూపూ లేదు, చెడ్డ చూపూ లేదు. విశ్రాంతి దొరుకుతుంది, మ్యూనిక్‌లో దొరికిన మార్పు మాత్రం దొరకదు. పైగా ఆ సంఘటన తర్వాత మీరు మెట్ల చప్పుడు వింటూ కూర్చుంటున్నారు. మణికట్టు దాకా ఉన్న జాకెట్టు ఇన్నాళ్లూ చేసిన పనే ఇప్పుడు ఆ గడియ చేస్తోందేమో ఆలోచించండి.

ఆ గంటను అలాగే కొనసాగించాలనుకుంటే కొనసాగించండి. గట్టి గడియ బిగించుకోండి, కిటికీలకు మందంగా పరదాలు వెయ్యండి, ఫోన్ గది బయట పెట్టండి. "మధ్యాహ్నం ఒక గంట పడుకుంటా, లేపొద్దు" అని ఇంట్లో ముందే చెప్పండి. దీనివల్ల అత్తగారితో రోజువారీ గొడవ తగ్గుతుంది. కానీ భర్తకు తెలియకుండా దాచే సంగతుల్లో ఇంకొకటి చేరుతుంది, అది మీకు బరువు. మానేయాలనుకుంటే అదీ మీ ఇష్టమే. అయితే "తప్పు చేశాను కాబట్టి మానేస్తున్నా" అనుకుని మానేస్తే, రెండున్నరేళ్లలో సంపాదించుకున్నది కూడా దాంతోపాటే పోతుంది.

మేడ మీద ఆరుబయట, తలకోన అడవిలో, ఏ బీచ్‌లోనైనా అన్న ఆలోచన ఉంటే మాత్రం వద్దనే చెబుతాను. మన దేశంలో బట్టల్లేకుండా తిరగడానికి ప్రభుత్వం అనుమతించిన బీచ్ ఒక్కటీ లేదు, గోవాలో కూడా లేదు. బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీలంగా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నగ్నచిత్రం అయినంత మాత్రాన అశ్లీలం కాదని సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో చెప్పింది నిజమే. ఆ తీర్పు కోర్టులో లాయరుకు పనికొస్తుంది. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేసి, పేరు వీధిలో పడ్డాక మీకు పనికిరాదు. మళ్లీ ఎప్పుడైనా విదేశం వెళ్తే, చట్టం ఒప్పుకునే చోట, ఆడవాళ్ల సౌనాకు నిశ్చింతగా వెళ్లండి. దాని కోసం ఎదురుచూడడంలోనూ తప్పులేదు.

మీవారు "ఆడిది ఆడనే" అన్నారు గానీ, ఇది పూర్తిగా పరాయిది అనలేం. చరిత్రలో నమోదైన తొలి నేచురిస్టు సంఘం 1891లో పుట్టింది బొంబాయి పక్కన ఠాణేలో. క్రాఫర్డ్ అనే బ్రిటిష్ సెషన్స్ జడ్జి పెట్టాడు, ముగ్గురే సభ్యులు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే మనకు దిగంబర మునులున్నారు. వేమన బొమ్మల్లో ఆయన్ను ఒంటి మీద బట్ట లేకుండా చూపించడం మీరు చూసే ఉంటారు. అయితే ఈ ఉదాహరణలతో మీవారితో వాదనకు దిగకండి. మునుల నగ్నత్వం వైరాగ్యం, మీది అది కాదు. ఆయన అభ్యంతరం చరిత్ర గురించీ కాదు.

ఆయన భయం ఏమిటి? అమ్మ ఏమంటుంది, వీధిలో ఎవరికైనా తెలిస్తే ఎట్లా, బహుశా నా భార్యను పరాయివాళ్లు చూశారన్న బాధ కూడా. ఆ పచ్చికలో ఆయన అటు తిరిగి కూర్చున్నారని రాశారు. ఒకటి గమనించండి, లేచి వెళ్లిపోలేదు, మిమ్మల్నీ లెమ్మనలేదు. అంటే ఆయనలో మాట్లాడడానికి చోటు ఉంది. నేచురిజం అన్న మాటతో మొదలుపెట్టకండి. మచ్చలతో మొదలుపెట్టండి. స్కూల్లో ఏమన్నారో, మీ అమ్మ ఎందుకు ఏడ్చేదో, లైటు ఎందుకు ఆర్పేవారో ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా చెప్పినట్టు లేదు. ఆయనకు మీ మ్యూనిక్ సగమే తెలుసు, దానికి ముందున్న ఇరవై ఏళ్లు తెలియవు. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు కాదు, ఇద్దరే అలిపిరి వైపు నడకకు వెళ్లినప్పుడు చెప్పండి. పక్కపక్కన నడుస్తూ చెప్పడం ఎదురెదురుగా కూర్చుని చెప్పడం కంటే తేలిక.

ఆయన అర్థం చేసుకుంటే, మీ పడకగదిలోనే ఒక రాత్రి లైటు ఆర్పకుండా చీర మార్చుకోవడం మొదటి అడుగు కావచ్చు. ఇది దాంపత్యానికి పిలుపు కాదని ముందే చెప్పండి, లేకపోతే ఇద్దరికీ అయోమయం. ఆయన చూపు మచ్చ మీద ఒక్క క్షణం ఆగవచ్చు. పన్నెండేళ్లుగా సరిగా చూడనిది చూస్తున్నారు మరి. ఆ ఒక్క క్షణాన్ని తిరస్కారమనుకోకండి. ఒకవేళ ఆయన ఇబ్బందిపడి వద్దంటే, బలవంతపెట్టకండి. ఆయన సిగ్గుకూ మీ సిగ్గుకు ఉన్నంత విలువ ఉంది. "నీ గంట నీది, నన్ను కలపొద్దు" అన్నంత వరకు ఒప్పుకున్నా మీకు దాపరికం తప్పుతుంది. అది చిన్న లాభం కాదు.

అత్తగారికి అన్నీ వివరించాల్సిన పనిలేదు. స్నానాల గదిలో కూడా ఒంటి మీద నూలుపోగు లేకుండా ఉండకూడదని చెప్పే తరం ఆమెది. ఆ నమ్మకాన్ని వెక్కిరించకండి, ఆ మాటలో ఇంటి మంచి కోరుకోవడం కూడా ఉంది. మరోవైపు, ఆమె చిన్నతనంలో మన పల్లెల్లో రవిక తొడగని అవ్వలు వీధి అరుగుల మీద కూర్చుని చింతపండు వలిచేవాళ్లు. ఎవరూ సిగ్గుమాలినవాళ్లు అనలేదు. ఎంత కప్పుకోవాలన్న లెక్క తరానికో రకంగా మారుతూ వచ్చిందని ఆమెకూ తెలుసు. సందర్భం వచ్చినప్పుడు వాళ్ల అవ్వ సంగతులు అడగండి, ఆమే చెబుతుంది. ఈసారికి మాత్రం "గడియ పడలేదత్తా, ఇబ్బంది పెట్టాను" అనండి చాలు. క్షమాపణ తలుపుకు మాత్రమే, మీ ఒంటికి కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది మీ పాప అడిగిన మాట. పిల్లలను ఈ బట్టలు లేని వ్యవహారానికి పూర్తిగా దూరంగా ఉంచండి, అందులో రెండో మాట లేదు. కానీ ఆమె అడిగింది మీ జాకెట్టు చేతుల గురించి. తన అమ్మ తన ఒంటిని ఎండాకాలంలోనూ దాస్తోందని ఆమె గమనిస్తోంది. మచ్చలు వస్తే తానూ అలాగే దాచుకోవాలేమోనని భయపడుతోంది. అమ్మకు ఉన్నంత మాత్రాన పిల్లలకు వచ్చి తీరాలని లేదు, చాలామందికి రాదు, ఇది అంటుకునే జబ్బు కాదు అని చెప్పండి. రోగనిరోధక వ్యవస్థ పొరపాటున రంగునిచ్చే కణాలనే దెబ్బతీయడం వల్ల మచ్చలు వస్తాయి. చేపలూ పాలూ కలిపి తినడం వల్ల వస్తాయని బంధువులు ఎంత నమ్మకంగా చెప్పినా అది అబద్ధం.

మ్యూనిక్‌లో దొరికినదాన్ని తిరుపతిలో కొనసాగించే దారుల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది మోచేతి దాకా ఉండే జాకెట్టు. చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ, మీకు సౌనా కంటే ఇదే కష్టం. అక్కడ ఎవరూ మిమ్మల్ని ఎరగరు. ఇక్కడ కూరగాయలమ్మే ఆమె నుంచి స్టాఫ్‌రూమ్ దాకా అందరూ ఎరుగుదురు. మొదటి వారం చూస్తారు. ఒకరిద్దరు ఏదో ఒకటి అంటారు, ఒకరు ఎవరో వైద్యుడి అడ్రస్ ఇస్తారు. ఆ వారాన్ని తట్టుకుంటే వాళ్ల కళ్లు అలవాటుపడతాయి. తట్టుకోలేక మళ్లీ పాత జాకెట్టు వేసుకున్నా ఓడిపోయినట్టు కాదు, ముందు ఇంట్లో వేసుకోండి, తర్వాత బజారుకు, ఆ తర్వాత క్లాసుకు. ఆడవాళ్లకు వేరే టైం ఉన్న స్విమ్మింగ్ పూల్ దగ్గర్లో ఉంటే అదీ మంచిదే. రకరకాల ఒళ్లు, ప్రసవాల చారలు, ఆపరేషన్ గాట్లు, ఎవరి పనిలో వాళ్లు.

ఎండలోకి వెళ్లేటప్పుడు మచ్చలున్న చోట సన్‌స్క్రీన్ రాసుకోవడం మరవకండి, అక్కడ రంగు లేదు కాబట్టి మన ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. తెల్లమచ్చలున్నవాళ్లలో థైరాయిడ్ సమస్య మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఇంతవరకు పరీక్ష చేయించుకోకపోతే ఒకసారి చేయించుకోండి. కొత్త మందులూ వచ్చాయి, అమెరికాలో 2022లో రుక్సోలిటినిబ్ అనే పూతమందుకు అనుమతి ఇచ్చారు. మీకు సరిపడేది ఏదో చర్మవైద్యులే చెప్పాలి. ఒంటిని ఒప్పుకోవడమూ వైద్యం చేయించుకోవడమూ ఒకదానికొకటి అడ్డు కావు. మెట్ల చప్పుడుకు వచ్చే ఆ దడ తగ్గకపోయినా, అద్దం ముందు గంటలు గడిచిపోతున్నా, కాలేజీకి వెళ్లబుద్ధి కాకపోయినా, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టాల్సిన పనిలేదు, తెలుగులో మాట్లాడతారు.